రెండేళ్ల పిల్లల్ని దోషుల్ని చేయకండి: ప్లేస్కూళ్లకు, అధికారులకు శ్రీకాకుళం నుంచి ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలో ప్లేస్కూళ్లు, నర్సరీలు నడుపుతున్న యాజమాన్యాలకు, వాటిలో పనిచేస్తున్న టీచర్లకు, ఆయాలకు, వాటిని పర్యవేక్షించాల్సిన విద్యాశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖల అధికారులకు

అందరికీ నమస్కారం.

నేను ఈ జిల్లాలోనే అంగన్‌వాడీ కార్యకర్తగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పదిహేను ఇరవై మంది చంటిపిల్లలతో ఒక పూట నెట్టుకురావడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీలో ఎంతోమంది ఆ పని ఓపిగ్గా, ప్రేమగా చేస్తున్నారనీ తెలుసు. అందుకే, కొరికాడని ఒక రెండేళ్ల పిల్లాణ్ణి శిక్షించి బడి నుంచి తీసుకెళ్లిపొమ్మన్న ఈ విషయాన్ని మొదటే నలుగురిలో పెట్టలేదు. బడికి వెళ్లి మాట్లాడాం. ఫలితం లేక అర్జీ రాసి ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు పిల్లాడి తల్లి ఫోనుకు అర్జీ పరిష్కారమైపోయిందని మెసేజ్ వచ్చింది. తల్లిని ఎవరూ పిలిచి అడగలేదు. బడికి ఎవరైనా వెళ్లారన్న కబురూ లేదు. ఏం పరిష్కరించారో ఇప్పటికీ మాకు చెప్పిన వాళ్లు లేరు. ఏ బడి, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను, అర్జీలో ఉన్నాయి. ఒక్క బడిని బజారుకీడ్చి ప్రయోజనం లేదు. ఇలాంటి మాటలే నాకు పలాస నుంచీ, టెక్కలి నుంచీ, ఆమదాలవలస నుంచీ తల్లులు చెబుతున్నారు.

జరిగింది ఇది. మా మేడమీద అద్దెకుంటున్న దంపతులకు ఒక్కడే కొడుకు. వయసు రెండేళ్ల నాలుగు నెలలు. తండ్రిది పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, తల్లి మందుల షాపులో పనిచేస్తుంది. పిల్లాణ్ణి చూసుకునే పెద్దవాళ్లు ఉద్దానంలో ఉన్నారు, కొబ్బరితోట వదిలి రాలేరు. గత్యంతరం లేక ప్లేస్కూల్లో వేశారు. బడివాళ్లు వయసు అడిగి, రాసుకుని, ఏడాది ఫీజు కట్టించుకుని చేర్చుకున్నారు. కొద్ది వారాలకే డైరీలో ఎర్ర సిరాతో మూడు మాటలు వచ్చాయి: "బైటింగ్. నాట్ సిట్టింగ్. నాట్ షేరింగ్." కింద తల్లి సంతకానికి ఒక గీత.

బొమ్మ కారు లాక్కున్నాడని ఇంకో పిల్లాడి చెయ్యి కొరికాడట. కొరకలేదని నేను అనడం లేదు. ఆ రెండో పిల్లాడి చేతి మీద పళ్ల గాట్లు చూసి వాళ్లమ్మ బాధపడిందంటే ఆ బాధ న్యాయమైనదే. కానీ దానికి బడి చేసిందేమిటి? గోడవైపు తిప్పిన ప్లాస్టిక్ కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టారు. ఎంతసేపని అడిగితే మేడమ్ "కాసేపే" అన్నారు. గేటు దగ్గర ఆయా మాత్రం "అన్నాలయిందాకా అమ్మా" అని మెల్లగా చెప్పింది. అప్పట్నుంచి ఇంట్లో ఎర్ర కుర్చీ కనబడితే చాలు, తల్లి కాళ్లు చుట్టేసుకుని "కూకోను, కూకోను" అని ఏడుస్తున్నాడు. చివరికి బడివాళ్లు తేల్చి చెప్పేశారు: సైకాలజిస్టు దగ్గర నార్మల్ అని సర్టిఫికెట్ తెండి, లేదంటే పిల్లాణ్ణి తీసుకెళ్లిపొండి. కట్టిన ఫీజు వెనక్కి రాదు.

ఎర్ర సిరాతో రాసిన ఆ మూడూ రెండేళ్ల పిల్లల్లో రోజూ కనబడేవే. నిజంగా భయపడాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. వాటిని మాత్రం ఎవరూ ఎర్ర సిరాతో రాయడం లేదు. నా బాధంతా ఇదే. మామూలు పిల్లలకు శిక్ష పడుతోంది, సాయం కావాల్సిన పిల్లలు వెనక బెంచీలో మిగిలిపోతున్నారు. వివరంగా చెబుతాను, దయచేసి ఓపిగ్గా చదవండి.

1. కొరకడం గురించి. ఏడాది దాటిన దగ్గర్నుంచి మూడేళ్లలోపు చాలామంది పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు కొరుకుతారు. రెండేళ్ల వయసులో బిడ్డకు సుమారు యాభై మాటలు వస్తాయి, రెండు మాటలు కలిపి "అమ్మ రా", "పాలు వద్దు" అంటాడు. "నేను ఆడుకుంటున్న కారు వాడు లాక్కున్నాడు, నాకు కోపం వచ్చింది" అని చెప్పడానికి కావాల్సిన మాటలు ఆ యాభైలో లేవు. కోపం మాత్రం నిండుగా ఉంది. దానికి తోడు రెండేళ్లు నిండే ముందు నుంచి మూడేళ్లలోపు వెనకవైపు పెద్ద దవడ పళ్లు వస్తుంటాయి, చిగుళ్లు సలుపుతుంటాయి. ఆకలేసినా, నిద్రొచ్చినా, గదిలో పిల్లలు ఎక్కువై ఊపిరాడకపోయినా కొరకడం పెరుగుతుంది. మా కేంద్రంలో అన్నం వడ్డించే ముందు అరగంటే గొడవలన్నీ జరిగేవి. ఆ అరగంటను కాస్త ముందుకు జరిపి, ఒకేరకం బొమ్మలు రెండేసి పెడితే సగం తగ్గిపోయేవి.

కొరికినప్పుడు ముందు దెబ్బ తగిలిన బిడ్డను దగ్గరకు తీసుకోవాలి. తర్వాత కొరికిన బిడ్డ ఎత్తుకు వంగి, కళ్లలోకి చూసి, గట్టిగా, చిన్న మాటలో చెప్పాలి: "కొరికితే నొప్పి. కొరకకూడదు. కారు కావాలా? ఇయ్యి అని అడుగు." అంతే. అరగంట ఉపన్యాసం వాడి బుర్రకెక్కదు, గంటసేపు కుర్చీ అసలే ఎక్కదు. ఎందుకు కూర్చున్నాడో అయిదు నిమిషాల్లో మరచిపోతాడు, భయం ఒక్కటే గుర్తుంటుంది. ఇక తిరిగి కొరికితే బుద్ధి వస్తుందని కొరికేవాళ్లు, నోటికి కారం రాసేవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. పెద్దవాళ్లు కొరికితే, కోపం వచ్చినప్పుడు కొరకవచ్చనే వాడు నేర్చుకుంటాడు.

2. కూర్చోకపోవడం గురించి. రెండేళ్ల పిల్లలు ఒక పని మీద కొద్ది నిమిషాలకు మించి నిలవరు. పరుగెత్తడం, ఎక్కడం, దూకడం, ఉన్నదాన్ని తోసి మళ్లీ పేర్చడం, అదే ఆ వయసు చదువు. వాళ్ల చేతికి పెన్సిలిచ్చి చుక్కలు కలపమంటున్నారు. చూసి గుండ్రంగా సున్నా చుట్టడం మూడేళ్లకు వస్తుంది, ప్లస్ గుర్తు వేయడం నాలుగేళ్లకు వస్తుంది. అంతకు ముందు ఏబీసీడీలు దిద్దించడమంటే వేళ్లకు రాని పని చెప్పి, రాలేదని తిట్టడం. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటపాటల ద్వారానే నేర్పాలి. ఆ విధానం కింద 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు పెట్టడం ఏమాత్రం తగదని చెప్పింది. మూడేళ్ల పిల్లలకే తగని పరీక్ష రెండున్నరేళ్ల పిల్లలకు యూనిట్ టెస్టు పేరుతో ఎలా పెడుతున్నారు?

3. పంచుకోకపోవడం. ఈ వయసు పిల్లలు ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. కలిసి ఆడటం, వంతులు వేసుకోవడం మూడేళ్లు దాటాక మెల్లగా వస్తాయి. "నాది" అనడం బిడ్డ ఎదుగుదలలో ఒక మెట్టు. తనకంటూ ఒక వస్తువు ఉంటుందని తెలిశాకే, దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చని తెలుస్తుంది.

4. మారాం, పేచీ, నేలమీద పడి దొర్లడం. దీని మీదే ఎక్కువ దెబ్బలు పడుతున్నాయి, అందుకే ఎక్కువ రాస్తున్నాను. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు ఇది సహజం. కోపాన్ని, ఆశను అదుపు చేసే భాగం నుదుటి వెనక మెదడులో ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. రెండేళ్లకు అది ఇంకా మొదలుపెట్టిన దశలోనే ఉంటుంది. నడక నేర్చుకునేటప్పుడు పడిపోయాడని ఏ తల్లీ బిడ్డను కొట్టదు. కోపం ఆపుకోవడం నేర్చుకునేటప్పుడు పడిపోతే మాత్రం అందరం కొడుతున్నాం.

పేచీ పెట్టిన బిడ్డకు దెబ్బ తగలకుండా చూసి, పక్కనే కూర్చుని, అది చల్లారనివ్వాలి. చాలాసార్లు కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. అడిగింది ఇవ్వకూడనిదైతే ఇవ్వనక్కర్లేదు. ఇవ్వను అని చెప్పి, దగ్గరకు తీసుకుంటే చాలు. "బూచాడొస్తాడు", "పోలీసుకి పట్టిస్తా", "సూది వేయిస్తా" అని మనవాళ్లు బెదిరిస్తారు. సూది పేరుతో బెదిరిన బిడ్డ టీకాలనాడు నర్సును చూస్తేనే బిగుసుకుపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొందరు పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ గుక్కపట్టి, పెదాలు నీలంగా మారి, ఒక్క క్షణం వాలిపోతారు. చూసినవాళ్లకు ప్రాణం పోతుంది. వాడు కావాలని చేసేది కాదది. ఆరు నెలలు దాటిన పిల్లల్లో కనబడుతుంది, చాలామందికి అయిదారేళ్లకల్లా పోతుంది. మొదటిసారి వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి, రక్తం పరీక్ష చేయించాలి, ఎందుకంటే ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ. రెండేళ్లు దాటాక కూడా మట్టి, సుద్ద తింటుంటే అదీ ఐరన్ లోపం గుర్తు కావచ్చు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ వేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మీ బడుల్లో చేరిన పిల్లల్లో ఎంతమందికి ఆ సిరప్ అందుతోందో ఒకసారి విచారించండి. గుక్కపట్టిన బిడ్డను "నాటకాలాడుతున్నాడు" అని చెంప మీద కొట్టిన సంగతి ఒక తల్లి నాకు ఏడుస్తూ చెప్పింది.

5. గేటు దగ్గర ఏడుపు. తల్లిని వదలలేక ఏడవడం ప్రేమకు గుర్తు. కొత్తవాళ్లను చూసి బెదరడం కూడా అంతే. మన తీరం ఊళ్ల నుంచి మగవాళ్లు గుజరాత్‌లో వెరావల్ వైపు వేటకు వెళ్లి నెలల తర్వాత వస్తారు. వచ్చిన తండ్రి చేతులు చాపితే బిడ్డ మామ్మ వెనక దాక్కుంటాడు. "నా కొడుకే నన్ను మరిచిపోయాడు" అని ఆ తండ్రి కుమిలిపోతాడు. రెండు రోజులు పక్కన కూర్చుని ఆడనిస్తే వాడే వచ్చి ఒళ్లో కూర్చుంటాడని ఎవరైనా ముందే చెబితే ఆ బాధ తప్పుతుంది. బడిలోనూ ఇంతే. మొదటి వారం తల్లినో, మామ్మనో లోపల కాసేపు ఉండనివ్వండి. గేటు బయటే లాక్కుని తలుపు వేయడం అలవాటు చేయడం కాదు.

6. తిండి, టాయిలెట్. ఏడాది దాటాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. కొత్త కూర చూస్తే మొహం తిప్పుకోవడం ఈ వయసు లక్షణం. చోడి అంబలి రోజూ తాగిన బిడ్డ ఒకరోజు తోసేస్తే కంగారుపడి నోట్లో కుక్కనక్కర్లేదు. ఒంటికీ రెంటికీ చెప్పడం రెండు నుంచి మూడేళ్ల మధ్య ఒక్కొక్కరికి ఒక్కోసారి వస్తుంది, నిద్రలో పక్క తడపడం అయిదేళ్ల వరకు జబ్బు కాదు. "డైపర్ లేకుండా ఉంటేనే అడ్మిషన్" అని బోర్డు పెట్టే బడులు ఇది తెలుసుకోవాలి. నిక్కరు తడిపిన బిడ్డను పిల్లలందరి ముందూ నిలబెట్టడం హింస.

7. నిద్ర. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అందులో పగటి నిద్ర కూడా లెక్కే. పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా కునుకు లేకుండా కూర్చోబెట్టి, సాయంత్రం వాడు చిరాకు పడితే తల్లిదండ్రుల పెంపకం బాగాలేదనడం అన్యాయం.

8. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాశీబుగ్గ వైపు జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఒక తల్లికి రెండున్నరేళ్ల పాప. ఒక్క మాటా రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. బడిలో మాత్రం "చాలా బుద్ధిమంతురాలు, గొడవే చేయదు" అన్నారు. ఇంట్లో "వాళ్ల నాన్నకీ లేటుగానే మాటలొచ్చాయి" అన్నారు. చివరికి పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువని తేలింది. కదలకుండా కూర్చునే బిడ్డ మంచిదనీ, పరుగెత్తే బిడ్డ చెడ్డవాడనీ లెక్క వేసే బడిలో ఇలాంటి పిల్లలు ఎవరికీ కనబడరు.

టీచర్లందరూ గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. ఏడాదిన్నర నిండినా నడక రాకపోవడం. పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపలేకపోవడం. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మాటలు గానీ ఆటలు గానీ మళ్లీ పోవడం. అది ఏ వయసులో జరిగినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. వీటిలో ఏది ఉన్నా బిడ్డకు జబ్బేనని అర్థం కాదు, చూపించాలని అర్థం. తొందరగా చూపిస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఈ ఎదుగుదల మెట్లు గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే బొమ్మలతో ఉంటాయి. టీకాల పేజీ తప్ప ఆ పేజీ తిప్పేవాళ్లే లేరు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే, ఇందుకోసమే ఉంది. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. తేడా ఉంటే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. కానీ ఆ బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. ప్రైవేటు ప్లేస్కూలుకు వెళ్లే పిల్లలు ఆ లెక్కలోకి రారు. ఫీజు కట్టిన పాపానికి ఆ బిడ్డ ఉచిత పరీక్షకు దూరమవుతున్నాడు.

మాటలు ఆలస్యమైతే "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చే బడులు ఉన్నాయి. అది పొరపాటు సలహా. ఇచ్ఛాపురం, కంచిలి వైపు పిల్లలు ఇంట్లో ఒరియా, వీధిలో తెలుగు వింటూ పెరుగుతారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. రెండిట్లో వచ్చిన మాటలు కలిపి లెక్క చూడాలి. తల్లికి వచ్చిన భాషలో కబుర్లు, లాలిపాటలు ఆపేస్తే బిడ్డకు ఉన్న ఒక్క దారీ మూసేసినట్టే. ఇక ఫోన్ల విషయానికి వస్తే, రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దు, ఆ పైన రోజుకు గంట మించొద్దని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అన్నం తినిపించడానికి క్లాసులో టీవీలో రైమ్స్ పెట్టే పద్ధతి మానండి.

9. ఈ తప్పులకు మూల్యం కట్టేది ఎవరో చూడండి. సర్టిఫికెట్ కోసం బిడ్డను ఎత్తుకుని విశాఖపట్నం వెళ్లాలి. ఇద్దరి కూలీ, రానూపోనూ చార్జీలు, డాక్టరు ఫీజు. తీరా వెళితే "పిల్లాడు బాగానే ఉన్నాడు, వయసుకు తగ్గట్టే ఉన్నాడు" అంటారు. ఈలోపు ఇంట్లో గొడవ: తల్లి పనికెళ్లడం వల్లే ఇలా తయారయ్యాడని అత్తగారు, గారాబం చేశావని భర్త. మా మేడమీది అమ్మాయి ఉద్యోగం మానేసింది. ఆ జీతంతోనే వాళ్ల ఇంటి అద్దె గడిచేది.

పనికి వెళ్లే తల్లులకు వేరే దారి ఎందుకు లేదన్నది కూడా అడగాలి. అంగన్‌వాడీలో బడి మూడేళ్లు నిండిన వాళ్లకే. మూడేళ్లలోపు పిల్లల్ని రోజంతా చూసుకునే చోటు దాదాపు లేదు. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో, పనివేళల్లో పిల్లల్ని చూసుకునే శిశుగృహం (క్రెష్) ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం ఎప్పుడో చెప్పింది. యాభై మంది పనిచేసే ఏ సంస్థలోనైనా ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ 'పాల్నా' పథకంలో అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు ఉన్నాయి. కాగితం మీద ఇన్ని ఉన్నా, జీడిపిక్కలు కొట్టే తల్లి బిడ్డను పక్కన గోనెసంచి మీద పడుకోబెట్టుకుంటోంది, లేదా ప్లేస్కూలుకు అప్పు చేసి ఫీజు కడుతోంది.

నియమాల సంగతి కూడా చెప్పి, కోరికలకు వస్తాను. ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్లు నిండని బిడ్డను చేర్చుకోకూడదు. ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. బడి మూడు నాలుగు గంటలకు మించకూడదు. శారీరకంగా గానీ మానసికంగా గానీ శిక్ష ఉండకూడదు. పిల్లల్ని అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లే వాళ్లను హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా పడుతుంది. ఏ టీచరమ్మనీ జైలుకు పంపాలని నాకు లేదు. తక్కువ జీతానికి, ఎలాంటి శిక్షణా లేకుండా, ముప్పై మంది పిల్లల్ని ఒక్క అమ్మాయి నెత్తిన పెట్టిన యాజమాన్యమే ముందు జవాబు చెప్పాలి.

అందువల్ల మేం కోరుతున్నవి:

1. జిల్లాలో నడుస్తున్న ప్లేస్కూళ్లన్నిటినీ లెక్కించి, గుర్తింపు ఉన్నవేవో, లేనివేవో మండలాల వారీగా జాబితా బయటపెట్టాలి. సచివాలయం నోటీసు బోర్డులో అతికిస్తే చాలు, తల్లిదండ్రులు చదువుకుంటారు.

2. కొరకడం, పేచీ, పక్క తడపడం, కూర్చోకపోవడం లాంటి కారణాలతో ఆరేళ్లలోపు బిడ్డను బడి నుంచి పంపించడం ఆపాలి. ఒకవేళ వెళ్లమంటే కట్టించుకున్న ఫీజులో మిగిలిన నెలల సొమ్ము తిరిగి ఇప్పించాలి. మూడేళ్లు నిండకుండా చేర్చుకున్న బడి అయితే మొత్తం ఇప్పించాలి.

3. మూల కుర్చీ, చీకటి గది, నోటికి ప్లాస్టరు, అన్నం ఆపడం, అందరి ముందూ నిలబెట్టడం, ఇవన్నీ శిక్షలేనని పేరుపేరునా రాసి ప్రతి బడి గేటు దగ్గర పెట్టించాలి. పక్కన పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా ఉండాలి.

4. ప్లేస్కూలు టీచర్లకు, ఆయాలకు బిడ్డ ఎదుగుదల మీద శిక్షణ ఇవ్వాలి. పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో ఎలా మెలగాలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో 'నవచేతన' పేరుతో నెలవారీ ఆటలతో సహా తయారుచేసింది. దాన్ని అంగన్‌వాడీలకే పరిమితం చేయకుండా తెలుగులో, మన యాసలో మాట్లాడే శిక్షకులతో ప్రైవేటు టీచర్లకూ చెప్పించండి. ఆయాలను మరవొద్దు, బిడ్డను ఎక్కువసేపు ఎత్తుకునేది వాళ్లే.

5. ఆర్‌బీఎస్‌కే బృందాలను ప్రైవేటు ప్లేస్కూళ్లకూ పంపాలి. అది కుదరకపోతే నెలలో ఒకరోజు దగ్గర్లోని అంగన్‌వాడీలో ఆ పిల్లలకూ పరీక్ష పెట్టాలి. మాట, వినికిడి, నడక, ఆట, నాలుగూ చూడాలి.

6. పలాస, కాశీబుగ్గ, రణస్థలం, ఎచ్చెర్ల లాంటి పనుల చోట్ల చట్టం ప్రకారం ఉండాల్సిన శిశుగృహాలు ఉన్నాయో లేదో కార్మిక శాఖతో కలిసి తనిఖీ చేయాలి. షిఫ్టు వేళలకు తగ్గట్టు అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు పెట్టాలి. అందుకు అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ల నెత్తిన అదనపు పని రుద్దకుండా వేరే మనుషుల్ని వేయాలి. ఇప్పటికే వాళ్లు రిజిస్టర్లు, యాప్‌లు, ఫొటోలతో సతమతమవుతున్నారు.

7. పిల్లల మీద వచ్చిన ఏ అర్జీనైనా బడికి వెళ్లి చూసి, తల్లిదండ్రుల మాట రాసుకుని, ఏం చేశారో కాగితం మీద ఇచ్చాకే మూసేయాలి. మా అర్జీని తిరిగి తెరవాలి.

జూన్‌లో బడులు మళ్లీ తెరుచుకుంటాయి. "రెండేళ్లు నిండితే చాలు, అడ్మిషన్లు జరుగుచున్నవి" అన్న ఫ్లెక్సీలు ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏటా కనబడేవే. ఈసారి అవి కట్టేలోపు మాకు రాతపూర్వకంగా జవాబు కావాలి. అధికారులు ఏ రోజు, ఏ వేళకు పిలిచినా ఆ తల్లీ నేనూ కాగితాలన్నీ తీసుకుని వస్తాం. ప్లేస్కూళ్ల వాళ్లు పిలిస్తే, ఒక పూట మీ టీచర్లతో కూర్చుని నాకు తెలిసింది చెప్పడానికి కూడా సిద్ధం. పైసా తీసుకోను.

ఇట్లు,
రిటైర్డ్ అంగన్‌వాడీ కార్యకర్త,
శ్రీకాకుళం